కష్టానికి అర్థం ఉంటుందా? యూదుల బోధనలు, మనస్తత్వశాస్త్రం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో చావు, ఉన్నట్టుండి ఉద్యోగం పోవడం, బిడ్డకు తగ్గని జబ్బు. ఇలాంటివి మీద పడ్డప్పుడు "నాకే ఎందుకు?" అని అనుకోనివాళ్ళు అరుదు. యూదులు ఈ ప్రశ్నను రెండు వేల ఏళ్ళకు పైగా అడుగుతున్నారు, తమలో తాము వాదించుకుంటున్నారు. గత శతాబ్దంలో ఆస్ట్రియా రాజధాని వియన్నాకు చెందిన విక్టర్ ఫ్రాంకల్ అనే యూదు డాక్టరు ఇదే ప్రశ్నను మానసిక వైద్యంలోకి తీసుకొచ్చాడు. ఈ రెండింటి గురించి ఎక్కువగా వచ్చే సందేహాలకు ఇక్కడ జవాబులున్నాయి. ఎవరినీ మతం మారమనే ఉద్దేశం లేదు.

కష్టాలు ఎందుకు వస్తాయని యూదు మతం చెబుతుంది?

ఒక్క జవాబు లేదు. ధర్మం తప్పకపోతే వానలు పడతాయి, తప్పితే కరువొస్తుంది అనే లెక్క యూదుల బైబిల్లోని ద్వితీయోపదేశకాండంలో కనిపిస్తుంది. అదే గ్రంథమాలలో ఉన్న యోబు కథ ఆ లెక్కను తలకిందులు చేస్తుంది. ఆ తర్వాతి కాలపు పండితులైన రబ్బీలు రెండు పక్షాలుగా నిలబడి వాదించుకున్నారు. సుమారు 1800 ఏళ్ళ కిందట కూర్చిన మిష్నా అనే రబ్బీల బోధనల సంకలనంలో రబ్బీ యన్నాయ్ మాట ఒకటుంది: దుర్మార్గులు సుఖంగా ఉండటానికీ, మంచివాళ్ళు బాధలు పడటానికీ కారణం చెప్పడం మన చేతుల్లో లేదు. ఒక మతం తన గ్రంథంలోనే ఇలా ఒప్పుకుని రాసి పెట్టుకోవడం నాకు బాగా నచ్చిన విషయం.

అంటే యోబు కథలో కూడా జవాబు దొరకదా?

దొరకదు. తెలుగు క్రైస్తవులకు ఈ కథ బాగా తెలుసు. యోబు నీతిమంతుడు. ఆస్తి పోతుంది, పదిమంది పిల్లలు చనిపోతారు, ఒళ్ళంతా కురుపులు లేస్తాయి. ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురు స్నేహితులు పరామర్శకు వస్తారు. వచ్చి ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు ఒక్క మాట కూడా మాట్లాడకుండా అతనితో పాటు నేల మీద కూర్చుంటారు. అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత నోరు విప్పుతారు. నువ్వు ఏదో పాపం చేసే ఉంటావు, దేవుడు ఊరికే శిక్షించడు, ఒప్పుకో అని వాదన మొదలుపెడతారు. మీరు ఓదార్చడానికి వచ్చారా, ఇంకా బాధపెట్టడానికా అని యోబు విసుక్కుంటాడు.

చాలామంది గమనించని విషయం చివరి అధ్యాయంలో ఉంది. దేవుడి తరఫున అంత గట్టిగా వాదించిన ఆ స్నేహితుల మీదే దేవుడికి కోపం వస్తుంది. నా సేవకుడైన యోబు మాట్లాడినట్టు మీరు నా గురించి సరిగ్గా మాట్లాడలేదంటాడు. దేవుణ్ణి నిలదీసినవాడు ఒప్పు, వెనకేసుకొచ్చినవాళ్ళు తప్పు. ఇంత జరిగినా యోబుకు ఆ కష్టం ఎందుకు వచ్చిందో ఆ దేవుడు కూడా అతనికి చెప్పడు.

పరామర్శకు వెళ్ళినప్పుడు ఏం మాట్లాడాలి?

యూదుల పద్ధతి ప్రకారం, ముందు మీరు మాట్లాడకూడదు. దుఃఖంలో ఉన్నవాళ్ళు నోరు విప్పేదాకా వచ్చినవాళ్ళు ఊరుకోవాలని, రబ్బీల చర్చలను కూర్చిన పెద్ద గ్రంథమైన తల్మూద్ చెబుతుంది. యోబు స్నేహితుల మొదటి ఏడు రోజుల నుంచే ఈ నియమం తీసుకున్నారు. వాళ్ళ తర్వాతి మాటల మీద కూడా ఒక నియమం ఉంది, అది నిషేధం. జబ్బులతోనో, పిల్లల్ని పోగొట్టుకునో ఉన్న మనిషితో యోబు స్నేహితులు మాట్లాడినట్టు మాట్లాడటం మాటలతో హింసించడం కిందికి వస్తుందని తల్మూద్‌లో స్పష్టంగా ఉంది. మర్యాదగా ఇచ్చిన సలహా కాదు, ధర్మశాస్త్రంలో తప్పుగా లెక్కకట్టిన పని.

మన ఇళ్ళలో జరిగేది ఒకసారి గుర్తు తెచ్చుకోండి. "ఏం చేస్తాం వదినా, ఆయనకు అంతే రాసిపెట్టి ఉంది." "ముందే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి ఉంటే బతికేవాడేమో అన్నయ్యా." అన్నవాళ్ళకు చెడ్డ ఉద్దేశం ఉండదు, మౌనంగా కూర్చోవడం కష్టమై ఏదో ఒకటి అనేస్తారు. వినేవాళ్ళకు మాత్రం ఆ మాట ఏళ్ళ తరబడి గుచ్చుకుంటూనే ఉంటుంది.

షివా అంటే ఏమిటి?

తల్లి, తండ్రి, తోబుట్టువు, బిడ్డ, భార్య లేదా భర్త పోయినప్పుడు అంత్యక్రియల తర్వాత ఇంట్లో కూర్చునే ఏడు రోజులు. ఆ కుటుంబం ఎత్తు తక్కువ పీటల మీద కూర్చుంటుంది. బట్ట కొంచెం చింపుకుంటారు. చాలా ఇళ్ళలో అద్దాలకు గుడ్డ కప్పుతారు. శ్మశానం నుంచి వచ్చాక మొదటి భోజనం ఇరుగుపొరుగు వాళ్ళే పెట్టాలి, సొంత వంట తినకూడదు. అందులో గుడ్లు, పప్పు గింజలు లాంటి గుండ్రటివి ఉంటాయి. మన మైల, పెద్దకర్మ, సంవత్సరీకం తెలిసినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. వాళ్ళకూ ఏడు రోజుల తర్వాత ముప్పయ్యో రోజు దాకా ఇంకో ఘట్టం ఉంది. తల్లిదండ్రుల విషయంలో ఏడాది దాకా సంతాపం ఉంటుంది, ఆ పైన ఏటా ఆ తిథినాడు దీపం పెడతారు.

ఇందులో మనస్తత్వశాస్త్రం దృష్టిలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది కద్దిష్ ప్రార్థన. తండ్రో తల్లో పోయినవాళ్ళు పదకొండు నెలల పాటు రోజూ చదువుతారు. అందులో చావు ఊసే ఉండదు, దేవుడి స్తుతి మాత్రమే ఉంటుంది. ఒంటరిగా చదవడానికి వీల్లేదు, పదిమంది కూడాలి. సంప్రదాయ సమాజాల్లో పదిమంది మగవాళ్ళు అని లెక్క. అంటే గదిలో తలుపు వేసుకుని కుమిలిపోదామనుకున్నా కుదరదు. పొద్దున్నే మొహం కడుక్కుని నలుగురిలోకి వెళ్ళాలి. దిగులుతో మంచం దిగని మనిషిని ఏదో ఒక పనితో బయటికి తీసుకురావడానికి ఈనాటి కౌన్సెలర్లు చేసే ప్రయత్నం కూడా ఇంచుమించు ఇదే.

బాధ మనిషిని శుద్ధి చేస్తుందంటారు కదా, అయితే బాధ మంచిదేనా?

అలా చెప్పే యూదు పండితులు ఉన్నారు. దేవుడు ప్రేమతో ఇచ్చే బాధలు అనే భావన తల్మూద్‌లో ఉంది, దాని మీద బోలెడంత చర్చ కూడా ఉంది. అయితే ఆ చర్చ ముగిసీ ముగియకముందే తల్మూద్ కొన్ని కథలు చెబుతుంది. సిద్ధాంతం కన్నా ఆ కథలే నాకు ఎక్కువ నమ్మకంగా అనిపిస్తాయి.

మూడో శతాబ్దంలో గలిలయ ప్రాంతంలో రబ్బీ యోహనాన్ అనే గొప్ప పండితుడు ఉండేవాడు. ఆయన శిష్యుడు హియ్యా బార్ అబ్బా జబ్బుపడితే చూడటానికి వెళ్ళాడు. "నీ బాధలంటే నీకు ఇష్టమేనా?" అని అడిగాడు. "అవీ వద్దు, వాటివల్ల వచ్చే ఫలమూ వద్దు" అన్నాడు రోగి. "చెయ్యి ఇలా ఇవ్వు" అన్నాడు యోహనాన్. చెయ్యి పట్టుకుని లేపాడు.

తర్వాత యోహనాన్‌కే జబ్బు చేసింది. రబ్బీ హనీనా వచ్చి అదే ప్రశ్న అడిగాడు, అదే జవాబు విన్నాడు, అలాగే చెయ్యి పట్టి లేపాడు. మరి ఇంకొకరిని లేపిన యోహనాన్ తనను తాను లేపుకోలేడా అని తల్మూద్ అడుగుతుంది. ఖైదీ తనను తాను చెరసాల నుంచి విడిపించుకోలేడు అన్నది దాని జవాబు.

మూడో కథలో రబ్బీ ఎలాజార్ చీకటి గదిలో పడుకుని ఏడుస్తున్నాడు. యోహనాన్ ఒక్కొక్కటే అడుగుతాడు. చదువు సరిగ్గా సాగలేదనా? డబ్బు లేదనా? పిల్లలు లేరనా? ఇదిగో, ఇది నా పదో కొడుకు ఎముక అని చూపిస్తాడు. పదిమంది కొడుకుల్ని పోగొట్టుకున్నవాడు కాబట్టి ఆ మాట అనే హక్కు ఆయనకుంది. అందుకు కాదంటాడు ఎలాజార్. యోహనాన్ చాలా అందగాడని పేరు. ఈ అందం మట్టిలో కలిసిపోతుందే అని ఏడుస్తున్నానంటాడు ఎలాజార్. "దానికైతే ఏడవాల్సిందే" అంటాడు యోహనాన్. ఇద్దరూ కలిసి ఏడుస్తారు. ఆ తర్వాతే మళ్ళీ పాత ప్రశ్న, పాత జవాబు, చెయ్యి ఇవ్వు.

ఈ కథల్లో పరామర్శకు వచ్చినవాడు జబ్బుకు కారణం చెప్పి లేపలేదు. ఎలాజార్ దగ్గరైతే యోహనాన్ ఊహలన్నీ తప్పుతాయి, అసలు కారణం విన్నాక కూర్చుని ఏడవడం తప్ప ఆయనకు వేరే పని మిగల్లేదు.

మన "అంతా మన మంచికే" లాంటిది వాళ్ళకూ ఉందా?

ఉంది. నహూమ్ అనే పండితుడు ఏం జరిగినా "ఇదీ మంచికే" అనేవాడట, చివరికి కాళ్ళు చేతులు పోయి మంచాన పడ్డా అలాగే ఉన్నాడట. ఆయన ఆ మాట అన్నది తన కష్టం గురించి. ఇంకొకరి ఇంటికెళ్ళి అంటే అది యోబు స్నేహితుల వరసే.

విక్టర్ ఫ్రాంకల్ ఎవరు?

వియన్నాలో 1905లో పుట్టిన యూదు మానసిక వైద్యుడు, నరాల డాక్టరు. అర్థాన్ని వెతుక్కోవడానికి సాయపడే లోగోథెరపీ అనే చికిత్స ఆయనది. వియన్నా మానసిక వైద్యులు ఫ్రాయిడ్, ఆడ్లర్ల తర్వాత అక్కడ పుట్టిన మూడో మానసిక చికిత్సా సంప్రదాయం అని దాన్ని అంటారు. మనిషిని నడిపించేది సుఖం మీద కోరిక అని ఫ్రాయిడ్, ఆధిక్యం కోసం ప్రయత్నం అని ఆడ్లర్ అంటే, అర్థం కోసం తపన అని ఫ్రాంకల్ అన్నాడు.

నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించుకున్నాక ఆయనకు అమెరికా వీసా వచ్చింది. వెళ్తే తను బతుకుతాడు, ముసలి తల్లిదండ్రులు మాత్రం వెనకే ఉండిపోతారు. ఏం చేయాలో తోచక ఇంటికొస్తే బల్ల మీద ఒక చలువరాయి ముక్క కనిపించింది. నాజీలు తగలబెట్టిన ప్రార్థనా మందిరం శిథిలాల్లోంచి తండ్రి ఏరి తెచ్చిన ముక్క అది. దాని మీద చెక్కిన హీబ్రూ అక్షరం పది ఆజ్ఞల్లో ఒకదానిది: నీ తండ్రినీ తల్లినీ సన్మానించు. ఫ్రాంకల్ వీసా వదిలేసుకున్నాడు. ఈ సంగతి ఆయనే చెప్పుకున్నాడు.

1942 సెప్టెంబరులో కుటుంబాన్ని నాజీలు యూదులను బంధించిన థెరీసియన్‌స్టాట్‌కు పంపించారు. తండ్రి అక్కడే పోయాడు. 1944 అక్టోబరులో ఫ్రాంకల్‌ను ఆష్విట్జ్ అనే నాజీ మరణశిబిరానికి, అక్కడి నుంచి డాకౌ కిందున్న ఉపశిబిరాలకు తరలించారు. తల్లి, అన్న ఆష్విట్జ్‌కు బలైపోయారు. భార్య టిల్లీ బెర్గెన్ బెల్సెన్ శిబిరంలో చనిపోయింది. కోటులో దాచి తెచ్చుకున్న తన పుస్తకం రాతప్రతిని కూడా ఆష్విట్జ్‌లో లాగేసుకున్నారు. తర్వాత టైఫస్ జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్న రాత్రుల్లో దొరికిన చిత్తుకాగితాల మీద దాన్ని మళ్ళీ షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుంటూ తెలివి తప్పకుండా చూసుకున్నాడు. 1945 ఏప్రిల్‌లో విడుదలయ్యాడు. శిబిరాల అనుభవం మీద పుస్తకాన్ని తొమ్మిది రోజుల్లో చెప్పి రాయించాడు, 1946లో అచ్చయింది. 1997లో మరణించాడు.

ఆయన మీద విమర్శలు లేకపోలేదు. ఆష్విట్జ్‌లో ఉన్నది కొద్ది రోజులే అయినా పుస్తకంలో అది స్పష్టంగా తెలియదని కొందరు చరిత్రకారులు తప్పుపట్టారు. బతికినవాళ్ళు మనోబలంతో బతికారంటే చనిపోయినవాళ్ళకు అది లేదని అర్థం వస్తుంది కదా అని ఇంకొందరు అడిగారు. రెండోది నాకు గట్టి అభ్యంతరంగానే కనిపిస్తుంది. మాలో మంచివాళ్ళు తిరిగి రాలేదని ఫ్రాంకల్ తనే రాశాడు కూడా.

లోగోథెరపీలో ఏం చేస్తారు?

ప్రశ్నను తిప్పి వేస్తారు. జీవితానికి అర్థమేమిటని మనం అడగడం కాదు, జీవితమే మనల్ని అడుగుతోంది, మనం చేసే పనే దానికి జవాబు అంటాడు ఫ్రాంకల్. అర్థం దొరికే దారులు మూడు: చేసే పని, ప్రేమించే మనిషి లేదా అనుభవించే అందం, ఇక తప్పించుకోలేని బాధ వచ్చినప్పుడు దాన్ని ఎదుర్కొనే తీరు.

మూడోదాన్ని మనవాళ్ళు తరచూ తప్పుగా అర్థం చేసుకుంటారు. "తప్పించుకోలేని" అన్న షరతును మరిచిపోతారు. తప్పించుకోగల బాధను భరిస్తూ కూర్చోవడం గొప్ప కాదని, దాని కారణాన్ని తీసేయడమే అర్థవంతమైన పని అని ఫ్రాంకల్ స్పష్టంగా చెప్పాడు. తాగొచ్చి కొట్టే భర్తను "సహనంలో అర్థం ఉంది" అంటూ భరించమని ఎవరైనా ఫ్రాంకల్ పేరు చెప్పి సలహా ఇస్తే, వాళ్ళు ఆయన్ని చదవలేదని అర్థం.

ఆయన చెప్పిన ఒక సంఘటన బాగా ప్రచారంలో ఉంది. భార్య పోయి రెండేళ్ళయినా తేరుకోని ఒక ముసలి డాక్టరు ఆయన దగ్గరికొచ్చాడు. "మీరే ముందు పోయి ఉంటే ఆవిడ పరిస్థితి ఏమిటి?" అని ఫ్రాంకల్ అడిగాడు. ఆవిడ తట్టుకోలేకపోయేదని ఆయన అన్నాడు. "ఆ బాధ ఆవిడకు తప్పింది, దానికి బదులుగా మీరు బతికి ఏడుస్తున్నారు" అన్నాడు ఫ్రాంకల్. ఆయన చెయ్యి కలిపి వెళ్ళిపోయాడట. చదవడానికి బాగుంటుంది గానీ దయచేసి దీన్ని పరామర్శల్లో ప్రయోగించకండి. రోగి తనంతట తాను వెతుక్కుంటూ వచ్చాడు, అడిగింది వైద్యుడు, జవాబు రోగి నోటి నుంచే వచ్చింది.

నిద్రపట్టనివాళ్ళకు చెప్పే చిట్కా ఇంకొకటుంది: నిద్రపోవాలని ప్రయత్నించకుండా, మేలుకునే ఉండాలని ప్రయత్నించమంటారు. నిద్ర రాదేమో అన్న టెన్షన్ తగ్గితే నిద్రే వస్తుంది.

అయితే లోగోథెరపీ యూదు మతానికి ఇంకో పేరా?

కాదు. దేవుణ్ణి నమ్మేవాళ్ళకూ నమ్మనివాళ్ళకూ ఒకే చికిత్స పనికిరావాలన్నది ఫ్రాంకల్ పట్టుదల. అయినా రెండూ ఒకే చోట కలుస్తాయి. 1956లో న్యూయార్క్‌లోని యెషీవా యూనివర్సిటీలో రబ్బీ జోసెఫ్ సొలొవేచిక్ ఒక ప్రసంగం చేశాడు. బాధ ఎందుకొచ్చిందన్న ప్రశ్నకు జవాబు మనిషికి అందదు, ఆ బాధలో నేనిప్పుడు ఏం చేయాలి అన్నదే యూదు ధర్మం అడిగే ప్రశ్న అన్నాడు. మతగురువు, డాక్టరు వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే ప్రశ్న దగ్గర ఆగారు.

అర్థం వెతుక్కుంటే మేలు జరుగుతుందని పరిశోధనలు రుజువు చేశాయా?

కొంతవరకే. 1990ల్లో అమెరికాలో రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కాల్హౌన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు పోస్ట్ ట్రామాటిక్ గ్రోత్ (దెబ్బ తిన్న తర్వాతి ఎదుగుదల) అన్న మాటను ప్రచారంలోకి తెచ్చారు. పెద్ద దెబ్బ తిన్నాక కొందరిలో మనుషులతో దగ్గరితనం, జీవితం విలువ తెలియడం లాంటి మార్పులు వస్తాయని గమనించారు. ఎదుగుదల వచ్చింది సంఘటన వల్ల కాదు, దానితో చేసిన పెనుగులాట వల్ల అని వాళ్ళే చెప్పారు. ఎదుగుదల, బాధ పక్కపక్కనే ఉండొచ్చని కూడా అన్నారు. మనిషి "నేను ఎదిగాను" అని చెప్పుకోవడాన్ని నిజమైన మార్పుగా లెక్కించవచ్చా అన్నది ఇప్పటికీ తేలని వివాదం.

ఇంకోవైపు, ఆప్తుల్ని ఉన్నట్టుండి పోగొట్టుకున్నవాళ్ళ మీద క్రిస్టఫర్ డేవిస్, కామిల్ వార్ట్‌మన్ తదితరులు 2000లో ప్రచురించిన పరిశోధన చూస్తే, కొందరు అసలు అర్థం కోసం వెతకనే లేదు, అయినా బాగానే తేరుకున్నారు. వెతికీ దొరకనివాళ్ళే ఎక్కువ నలిగిపోయారు. కాబట్టి "దీనివల్ల ఏం నేర్చుకున్నావు?" అని బాధలో ఉన్నవాణ్ణి తొందరపెట్టడం శాస్త్రం పేరుతో కూడా సరి కాదు.

హోలోకాస్ట్ (నాజీలు యూదుల మీద సాగించిన మారణకాండ) తర్వాత కూడా ఈ బోధనలు నిలబడ్డాయా?

అందరికీ నిలబడలేదు. విశ్వాసం వదిలేసినవాళ్ళు చాలామంది. నిలబెట్టుకున్నవాళ్ళలో, పోలండ్ రాజధానిలో నాజీలు యూదులను బంధించిన వాడ అయిన వార్సా ఘెట్టోలోని రబ్బీ కలోనిమస్ కల్మాన్ షపీరా ఒకరు. 1939 సెప్టెంబరులో జర్మన్ బాంబుదాడిలో గాయపడి ఆయన ఒక్కగానొక్క కొడుకు చనిపోయాడు. ఆ తర్వాత కూడా 1942 దాకా ఘెట్టోలో ప్రసంగాలు చేస్తూ రాసుకున్నాడు. మొదట్లో పాత సంప్రదాయపు జవాబులే చెప్పాడు. పోనుపోను ఆ జవాబులు పలచబడి, దేవుడు కూడా చాటున కూర్చుని ఏడుస్తున్నాడన్న మాట దగ్గరికి వచ్చాడు. చివర్లో, ఇంతటి బాధ మునుపెన్నడూ లేదని తన పాత రాతకే సవరణ రాసుకున్నాడు. ఆ కాగితాలు పాల క్యాన్‌లో పెట్టి పాతిపెట్టగా యుద్ధం తర్వాత దొరికాయి. ఆయన్ని 1943లో చంపేశారు.

అమెరికాలో రబ్బీ హెరాల్డ్ కుష్నర్ ఇంకో దారి పట్టాడు. చిన్నతనంలోనే ముసలితనం తెచ్చే అరుదైన జబ్బుతో ఆయన కొడుకు పద్నాలుగేళ్ళకే చనిపోయాడు. దేవుడు మంచివాడే గానీ సర్వశక్తిమంతుడు కాడు, ఈ జబ్బు ఆయన పంపింది కాదు అన్న నిర్ణయానికి వచ్చాడు. సంప్రదాయవాదులు దీన్ని ఒప్పుకోలేదు.

దేవుడి మీద కోపం రావడం పాపమా?

యూదుల్లో అదొక సంప్రదాయం. అబ్రాహాము వాదించాడు, మోషే వాదించాడు, యోబు సంగతి చూశాం. మన భక్త రామదాసు "ఎవడబ్బ సొమ్మని" రాముణ్ణి నిలదీసిన తెలుగునేల మీద ఈ మాట వేరే వివరించక్కర్లేదు.

నా కష్టం చిన్నది. ఇంత పెద్ద పెద్ద ఉదాహరణల ముందు సిగ్గుగా ఉంది.

గదిలోకి వదిలిన గ్యాస్ కొంచెమైనా ఎక్కువైనా గదంతా నిండుతుంది, బాధ కూడా మనసును అలాగే నింపుతుంది అని ఫ్రాంకల్ అన్నాడు. ఈఎంఐ కట్టలేక నిద్రపట్టనివాడికి ఆష్విట్జ్‌ను చూపించి నోరు మూయించడం ఆయన ఉద్దేశం కాదు.

ఎన్నాళ్ళు ఏడవాలి?

70వ సంవత్సరంలో రోమన్లు యెరూషలేం దేవాలయాన్ని కూల్చేశాక కొందరు మాంసం, ద్రాక్షారసం మానేశారు. దేవాలయంలో అర్పించేవి అవే కదా, ఇంక మేమెలా తింటామన్నారు. అలాగైతే రొట్టె కూడా మానాలి, పళ్ళూ మానాలి, నీళ్ళూ మానాలి, అవీ అక్కడ వాడినవే అని రబ్బీ యెహోషువ వాళ్ళతో వాదించాడు. వాళ్ళ దగ్గర మాట లేదు. అప్పుడాయన అన్నాడు: అసలు ఏడవకుండా ఉండటం కుదరదు, మితిమీరి ఏడవడమూ కుదరదు. ఇల్లంతా సున్నం వేయండి, ఒక్కచోట కొంచెం వదిలేయండి.

ఎంత వదలాలో కూడా తల్మూద్ చెబుతుంది: మూర పొడవు, మూర వెడల్పు, గుమ్మానికి ఎదురుగా. నిష్ఠగా ఉండే కొన్ని ఇళ్ళలో ఇప్పటికీ ఆ బోడి గోడముక్క కనిపిస్తుంది. మిగతా గోడలకు మాత్రం రంగులుంటాయి, ఆ ఇంట్లో పెళ్ళిళ్ళు జరుగుతాయి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి?

ఏడాది దాటినా దుఃఖం కాస్తయినా సడలక రోజువారీ పనులు ఆగిపోతుంటే, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2022 నుంచి దాన్ని చికిత్స అవసరమైన స్థితిగా గుర్తిస్తోంది. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఏడాది కాదు, ఒక్క గంట కూడా ఆగకండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. భక్తి చాలక డిప్రెషన్ వచ్చిందనేవాళ్ళ మాట వినొద్దు. ప్రాణం కాపాడటానికి సబ్బాతు (పని చేయకూడని శనివారపు విశ్రాంతి దినం) నియమాన్ని కూడా పక్కన పెట్టమంటుంది యూదు ధర్మం. మనసులోని దిగులును ఏం చేయాలన్న చర్చలో ఒక రబ్బీ దాన్ని మనసులోంచి తోసేయమంటే ఇంకొకరు ఎవరితోనైనా చెప్పుకోమన్నారు. మందులూ కౌన్సెలింగూ రెండూ వాడటానికి ఏ శాస్త్రమూ అడ్డు కాదు.

తెలుగువాళ్ళలో యూదులు ఉన్నారా?

ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న సమాజం ఉంది, వాళ్ళకు ప్రార్థనా మందిరం కూడా ఉంది. పూర్వం ఇజ్రాయెల్ నుంచి చెదిరిపోయిన గోత్రాల్లో ఎఫ్రాయిము సంతతి తామేనని వాళ్ళ నమ్మకం.

కష్టంలో ఉన్నది నేను కాదు, నా స్నేహితుడు. మాటలు వద్దంటే ఇంకేం చేయాలి?

భోజనం క్యారియర్ తీసుకెళ్ళండి, వంట గురించి వాళ్ళను అడగకుండా. పిల్లల్ని స్కూల్ నుంచి తీసుకురండి. మరణ ధ్రువీకరణ పత్రం, బ్యాంకులో నామినీ ఫారం, ఇన్సూరెన్స్ క్లెయిమ్ లాంటి కాగితాల పనికి తోడు వెళ్ళండి, క్యూలో మీరు నిలబడండి. పెద్దకర్మ అయిపోయి చుట్టాలందరూ వెళ్ళిపోయాక, రెండో నెలలో ఒక ఆదివారం మళ్ళీ వెళ్ళండి. పోయినవాళ్ళ పేరు ఎత్తాలా వద్దా అని తటపటాయించకండి. అతనే ఎత్తితే వినండి, ఎత్తకపోతే క్రికెట్ చూసి రండి.